పై పోర్షన్ ఎందుకంత ఉడుకుతుంది?

కంచరపాలెంలో అద్దె ఇల్లు వెతికిన ఎవరికైనా ఒక లెక్క అర్థమైపోతుంది. అదే వీధి, అదే మేడ, అవే రెండు గదులు, అదే వంటగది. కానీ పై పోర్షన్‌కి అద్దె కాస్త తక్కువ. ఎందుకని అడిగితే ఓనరుగారు సూటిగా చెప్పరు. "పైన కదా బాబూ, గాలి బాగా వస్తాది" అంటారు. గాలి వచ్చే మాట నిజమే. ఏప్రిల్ దాటాక రాత్రి తొమ్మిదింటికి ఫ్యాన్ వేస్తే ఆ గాలి ఎలా ఉంటుందో మాత్రం చెప్పరు.

మనలో చాలామంది రూములు ఇలాంటి పై పోర్షన్లలోనే ఉంటాయి. మనకైతే ఇది నాలుగేళ్ల బాధ. లైబ్రరీలో ఏసీ ఉంది, ఫ్రెండ్ హాస్టల్ ఉంది, ఎలాగో గడిచిపోతుంది. ఈ ఊళ్లో స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, కాంట్రాక్టు లేబరు, రాత్రిపూట ఆటో నడిపేవాళ్లు ఎంతమందో. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోవాలి. మే నెల మధ్యాహ్నం రెండింటికి, శ్లాబు కింద, నిద్ర పట్టాలి. పట్టకపోతే మళ్లీ రాత్రి అదే నిద్రలేమితో క్రేన్ దగ్గరికో ఫర్నేస్ దగ్గరికో వెళ్లాలి. 2015 మే నెల వడగాలులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు. ఎండ అంటే బయట తిరిగేవాళ్ల సమస్య అనుకుంటాం గానీ, ఇంట్లో కూడా వేడి దిగకపోతే ఒంటికి కోలుకునే టైమే ఉండదు.

అందుకే ఈసారి కవితా కథా కాకుండా ఒక శ్లాబు గురించి రాస్తున్నాను. హీట్ ట్రాన్స్‌ఫర్ సబ్జెక్టు చదివినవాళ్లకి లెక్కలు తెలిసినవే. చదవనివాళ్లు కూడికలు, భాగహారాలు వస్తే చాలు, ధైర్యంగా రండి.

ముందు సూర్యుడి సంగతి. విశాఖ అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. కాబట్టి మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలబెట్టిన కర్రకి నీడ పడదు. ఆ మధ్య రోజుల్లో అయితే కొంచెం ఉత్తరానికి వాలి ఉంటాడు. అంటే వేసవిలో మన దక్షిణం గోడకి ఎండ దాదాపు తగలదు. తూర్పు గోడకి పొద్దున, పడమటి గోడకి సాయంత్రం. మిగతా భారమంతా కప్పుదే. పైగా కంచరపాలెం సందుల్లో ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. పక్కిల్లే మనకి గొడుగు. ఎండకి పూర్తిగా దొరికేది డాబా ఒక్కటే. అందుకే గోడలకి ఏం చెయ్యాలన్న చర్చ ఇక్కడ రెండో విషయం. ఇంటి చివరి పోర్షన్‌కి పడమటి గోడ ఉంటే దాని ముందు ఒక నీడ తెర కట్టుకోవాలి, అంతే.

ఇప్పుడు శ్లాబు. ఒక పదార్థం వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పడానికి మందాన్ని దాని ఉష్ణవాహకతతో భాగిస్తాం. మామూలు కాంక్రీటు ఉష్ణవాహకత సుమారు 1.58. పన్నెండు సెంటీమీటర్ల శ్లాబు అయితే 0.12ని 1.58తో భాగిస్తే 0.076. కింద సిమెంటు పూత ఇంకో 0.017. ఇక శ్లాబు కింద అంటుకుని ఉండే పల్చని గాలి పొర 0.17, పైన గాలి పొర 0.04. మొత్తం కలిపితే 0.303. దీన్ని తిరగేస్తే యు-వాల్యూ 3.3 వస్తుంది. అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే, ప్రతి చదరపు మీటరు నుంచి 3.3 వాట్లు లోపలికి దిగుతాయి.

ఆ కూడికని ఇంకోసారి చూడండి. మొత్తం నిరోధంలో మూడింట రెండు వంతులు గాలి పొరలదే. కొన్ని టన్నుల కాంక్రీటు, ఇనుము పోసి మనం కట్టిన కప్పు చేసేది నాలుగో వంతు పని. వాన ఆపుతుంది, తుపాను ఆపుతుంది, వేడిని మాత్రం దర్జాగా లోపలికి పంపిస్తుంది. కాస్తో కూస్తో కాపాడుతున్న కింది గాలి పొరని కూడా మనం ఫ్యాన్ వేసి కలిపేస్తాం. వేయకపోతే బతకలేం, అది వేరే సంగతి.

పది అడుగులకి పది అడుగుల గది తీసుకుందాం. 9.3 చదరపు మీటర్లు. బయట గాలి 34 డిగ్రీలు అనుకుందాం. విశాఖ వేసవిలో మామూలు రోజే. కానీ శ్లాబుకి తెలిసేది గాలి ఒక్కటే కాదు, దాని మీద పడే ఎండ కూడా. ఈ రెండూ కలిపి ఒక లెక్క ఉష్ణోగ్రతగా రాస్తే దాన్నే సోల్-ఎయిర్ టెంపరేచర్ అంటారు. ఎండ చదరపు మీటరుకి 900 వాట్లు, పాతబడి నల్లబడిన సిమెంటు డాబా అందులో 65 శాతం తాగేస్తుంది, గాలికి వదిలే గుణకం 20, ఆకాశానికి పోయేది ఒక 4 డిగ్రీలు తీసేస్తే: 34 కాస్తా 59 అవుతుంది. లోపల 30 ఉందనుకుంటే తేడా 29 డిగ్రీలు. 3.3ని 9.3తో, దాన్ని 29తో గుణిస్తే సుమారు 890 వాట్లు. అంటే తలకిందులుగా వేలాడదీసిన ఒక ఇస్త్రీ పెట్టె. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి సుమారు 3,500 వాట్లు కాబట్టి, అందులో నాలుగో వంతు శ్లాబు నుంచి వచ్చేదాన్ని తోడడానికే పోతుంది.

ఇది స్థిర స్థితి లెక్క. అసలు జరిగేది ఇంకా కుట్రగా ఉంటుంది. ఆ గది మీద శ్లాబు బరువు సుమారు 2,680 కిలోలు. పగలంతా వేడెక్కి, రాత్రి ఒక 15 డిగ్రీలు చల్లారిందనుకుంటే అది వదిలే వేడి దాదాపు 35 మెగాజౌళ్లు. కరెంటు భాషలో చెప్పాలంటే 10 యూనిట్లు. అందులో కొంత ఆకాశానికి పోతుంది, మిగతాది మన మంచం మీదికి దిగుతుంది. అందుకే పగటి కంటే రాత్రి తొమ్మిది, పదీ మధ్య పై పోర్షన్ ఘోరంగా ఉంటుంది. బయట చల్లబడింది, శ్లాబుకి ఇంకా ఆ కబురు అందలేదు.

పెద్దవాళ్లు సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం మీరు చూసే ఉంటారు. దాన్ని పాత అలవాటని తీసిపారేయకండి. ఒక లీటరు నీళ్లు ఆవిరవడానికి సుమారు 2.4 మెగాజౌళ్లు కావాలి. పదిహేను లీటర్ల బకెట్ పూర్తిగా ఆవిరైతే 36 మెగాజౌళ్లు. పైన శ్లాబు దాచుకున్న వేడి ఎంత? 35. ఈ రెండు అంకెలు పక్కపక్కన వచ్చినప్పుడు నాకు భలే సరదా వేసింది. నిజానికి నీళ్లు తీసుకునే వేడిలో కొంత గాలి నుంచి కూడా వస్తుంది, మన ఊరి తేమలో ఆవిరవడం నిదానం, కాబట్టి రెండు మూడు బకెట్లు అనుకోండి. అసలు చిక్కు వేరే. ఎండాకాలంలో కుళాయి ఎప్పుడొస్తుందో చూసుకునే వీధిలో మూడు బకెట్ల నీళ్లు డాబాకి పొయ్యమని చెప్పడం సుఖంగా కూర్చుని చెప్పే సలహా. పైగా శ్లాబులో సన్న పగుళ్లు ఉంటే ఆ నీళ్లు లోపలి ఇనుముకే చేరతాయి.

సరే, ఇన్సులేషన్ వేద్దాం. కేంద్రంలోని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ 2018 డిసెంబర్‌లో 'ఎకో నివాస్ సంహిత' అని ఇళ్ల కోసం ఒక కోడ్ తెచ్చింది. అందులో కప్పు యు-వాల్యూ 1.2 దాటకూడదు. మనది 3.3. దాన్ని 1.2కి దించాలంటే ఇంకా 0.53 నిరోధం కావాలి. దీనికి థర్మోకోల్ లాంటి పదార్థం రెండు సెంటీమీటర్లు చాలు. మేస్త్రీలు వేసే ఇటుక ముక్కల పొరతోనే అది సాధించాలంటే, ఇటుక ఉష్ణవాహకత 0.8 కాబట్టి, 43 సెంటీమీటర్ల మందం వెయ్యాలి. దాని బరువు చదరపు మీటరుకి 700 కిలోల పైమాట. మనం నడిచే డాబాని మామూలుగా 150 కిలోల భారానికి డిజైన్ చేస్తారు. సివిల్ వాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు. డాబా మీద మట్టి పోసి తోట పెంచితే చల్లగా ఉంటుందనేవాళ్లు కూడా తడిసిన మట్టి బరువు ఒకసారి లెక్కేసుకోవాలి.

రెండు సెంటీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు, అంటే గట్టిగా నొక్కి చేసిన, నీరు పీల్చని నురుగు పలక వేస్తే యు-వాల్యూ సుమారు 1.03 అవుతుంది. మన గదికి 890 వాట్లు కాస్తా 280కి పడిపోతాయి. బాగుంది కదా. ఇప్పుడు ఇంకో లెక్క. ఇన్సులేషన్ ఏమీ వేయకుండా డాబాకి తెల్లరంగు వేశామనుకోండి. తెల్లటి కొత్త పూత ఎండలో 25 శాతమే తాగుతుంది. అప్పుడు 59 డిగ్రీలు 41 అవుతుంది, తేడా 11 డిగ్రీలే. దిగే వేడి సుమారు 340 వాట్లు. రెండూ చేస్తే 105.

అంటే ఖరీదైన బోర్డు చేసే పనిలో చాలా భాగం సున్నం బకెట్ చేసేస్తోంది. ఇంకో సంగతి కూడా ఉంది, లెక్కలో కనబడదు. ఇన్సులేషన్ రెండు వైపులా అడ్డమే. పగలు వేడిని రానివ్వదు, రాత్రి గదిలో పోగైన వేడిని పైకి పోనివ్వదు కూడా. మనుషులు, పొయ్యి, ఫ్రిజ్ వెనక వేడి, అన్నీ లోపలే ఉంటాయి. ఏసీ ఉన్న గదికి ఇది లాభం. ఏసీ లేని, రాత్రి కిటికీలు తీసుకుని పడుకునే గదికి అంత లాభం కాదు. తెల్లటి కప్పు అలా కాదు. పగలు ఎండని తిప్పికొడుతుంది, రాత్రి ఆకాశానికి మామూలుగానే వేడిని వదులుతుంది. కాబట్టి నా అభిప్రాయం ఇది: ఈ ఊళ్లో, ఏసీ లేని పై పోర్షన్‌కి ముందు తెలుపు. ఏసీ ఉంటే తెలుపుతో పాటు ఇన్సులేషన్. తెలుపు వేయకుండా ఇన్సులేషన్ ఒక్కటే వేయడం డబ్బు ఎక్కువై చేసే పని.

తెలుపు అన్నానని మెరిసే వెండి రంగు వేయకండి. రేకుల మీద అది చాలామంది వేస్తారు. మెరుపు ఎండని కొంత తిప్పికొడుతుంది గానీ, లోహం తన వేడిని ఆకాశానికి వదలడంలో పిసినారి. కేంద్ర వాణిజ్య భవనాల కోడ్‌లో చల్లని కప్పుకి రెండు షరతులు పెట్టింది అందుకే: ఎండని కనీసం 60 శాతం తిప్పికొట్టాలి, వేడిని వదిలే గుణం 0.9 ఉండాలి. మామూలు తెల్ల సున్నం ఈ రెండోదాన్లో బంగారం.

ఇక మన ఊరికి ప్రత్యేకమైన తలనొప్పులు. మొదటిది ధూళి. పోర్టు పక్క ఊరు, బొగ్గు, ఇనుప ఖనిజం ఎక్కి దిగే ఊరు. కంచరపాలెం, జ్ఞానాపురం వైపు ఉదయం ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఎలా ఉంటుందో అక్కడివాళ్లకి తెలుసు. డాబా కూడా అంతే. తెలుపు మాసి 25 శాతం కాస్తా 40 శాతం తాగడం మొదలుపెడితే, 340 వాట్లు మళ్లీ 550 అవుతాయి. లాభంలో మూడో వంతుకి పైగా దుమ్ముపాలు. కాబట్టి రంగు డబ్బా మీద రాసిన గ్యారంటీ సంవత్సరాలు చూసి మురిసిపోకుండా, వేసవిలో రెండు మూడుసార్లు చీపురుతో కడగడం లెక్కలో పెట్టుకోవాలి. సున్నమైతే ఎలాగూ ఏటా వేసుకోవాల్సిందే, అదే దాని బలహీనత, అదే దాని సుఖం.

రెండోది తుపాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో రేకులు కాగితాల్లా ఎగిరాయి. డాబా మీద థర్మోకోల్ పలకలు పరిచి రాళ్లు పెడితే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. గాలికి ఆ పలకా పోతుంది, ఆ రాయి ఎవరింట్లోనో పడుతుంది. పైన వేసే బోర్డు మీద సిమెంటు పొర, దాని మీద తెల్ల టైల్స్ ముక్కలు ఉండాలి. నాలుగు సెంటీమీటర్ల పొర చదరపు మీటరుకి సుమారు 90 కిలోలు. పాత శ్లాబు అయితే ముందు కింద నుంచి చూడాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడుతుంటే, దాని మీద బరువు పెట్టే ముందు రిపేరు చేయించాలి. ఇన్సులేషన్ ఆ తర్వాతి మాట.

రేకుల ఇళ్ల సంగతి వేరే. ఆరు మిల్లీమీటర్ల సిమెంటు రేకుకి నిరోధం అంటూ ఏమీ లేదు. దాచుకునే బరువు కూడా లేదు కాబట్టి సాయంత్రానికి త్వరగా చల్లారుతుంది, అదొక్కటే మేలు. మధ్యాహ్నం మాత్రం రేకే కుంపటి. దానికీ మొదటి మందు తెలుపే. అయితే పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రంగు వేసేముందు ఇనుప బ్రష్‌తో గీకడం, కన్నాలు పెట్టడం, కోయడం చేస్తే ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి, మెత్తగా తుడిచి వేసుకోవాలి. కింద థర్మోకోల్ సీలింగ్ వేసుకునేవాళ్లు గ్యాస్ పొయ్యి ఉన్నచోట వేయకూడదు. అంటుకుంటే మామూలు థర్మోకోల్ కరిగి చుక్కలుగా కారుతూ నల్లపొగతో కాలుతుంది. మెరిసే రేకు కాగితం ఉన్న షీట్లు వేస్తే రేకుకీ దానికీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. అంటించేస్తే అది అల్యూమినియం కాబట్టి వేడిని హాయిగా దాటించేస్తుంది.

ఇక్కడ చుట్టిళ్ల గురించి ఒక మాట చెప్పాలి. మన తీరం పల్లెల్లో గుండ్రటి మట్టిగోడ, దాని మీద మనిషి వంగి వెళ్లేంత కిందికి దిగిన తాటాకు కప్పు. పొడి గడ్డీ ఆకుల ఉష్ణవాహకత సుమారు 0.07. ఇరవై సెంటీమీటర్ల మందం వేస్తే యు-వాల్యూ 0.33. ఈనాటి కోడ్ అడిగే దానికంటే మూడు నాలుగు రెట్లు మెరుగు, మన శ్లాబు కంటే పది రెట్లు. గుండ్రంగా ఉండటం వల్ల గాలివానకి తట్టుకునేది కూడా. అలాగని 'పాత కాలమే మంచిది' అని రాసేంత అమాయకత్వం వద్దు. ఆ కప్పు కొన్నేళ్లకోసారి మార్చాలి, ఎలుకలూ పాములూ చేరతాయి, వేసవిలో ఒక నిప్పురవ్వ పడితే పేట పేటంతా కాలిపోయేది. జనం శ్లాబుకి మారింది ఫ్యాషన్‌కి కాదు, భయానికి. కాకపోతే మారేటప్పుడు తాటాకు ఊరికే చేస్తున్న ఒక పనిని ఎవరికీ అప్పగించలేదు.

రాయలసీమ మట్టిమిద్దెల పద్ధతి ఇక్కడ పనికొస్తుందా అని మా క్లబ్‌లో ఒక అనంతపురం మిత్రుడు అడిగాడు. అక్కడ పగటికీ రాత్రికీ తేడా ఎక్కువ, మందపాటి గోడ పగటి వేడిని ఆలస్యం చేసి, రాత్రి చలికి వదిలేస్తుంది. ఇక్కడ సముద్రం రాత్రిని చల్లబడనివ్వదు. వదలడానికి చలే లేనప్పుడు దాచుకున్న వేడి మన మీదికే వస్తుంది. మన వాతావరణానికి కావలసింది నీడ, తక్కువ వేడి తాగే పైకప్పు, ఆ పైన గాలి అటూ ఇటూ ఆడటం. ఉక్కపోతని ఏ ఇన్సులేషనూ తగ్గించదు. ఎదురెదురు కిటికీలు ఉండాల్సిందే.

డబ్బు దగ్గరికి వద్దాం. తెలుపు వల్ల మన గదికి తగ్గిన వేడి ఎండ ఎక్కువున్న వేళ 550 వాట్లు. రోజుకి అలాంటి ఐదు గంటలు అనుకుంటే 2.75 యూనిట్ల వేడి. ఏసీ ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి తోడుతుంది కాబట్టి, ఆ వేడంతా ఏసీయే తోడాల్సి వస్తే మిగిలేది రోజుకి దాదాపు 0.9 యూనిట్. నెలకి 27. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల వరకు ఆరు రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75. మిగిలే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబు నుంచే తగ్గుతాయి కాబట్టి నెలకి 160 నుంచి 235 రూపాయలు. సున్నం ఖర్చు ఒకటి రెండు వేసవుల్లో తిరిగొస్తుంది. పెద్ద మొత్తమేం కాదు, ఒప్పుకుంటాను. ఏసీ లేని గదికి బిల్లులో అసలు తేడానే రాదు. అక్కడ వచ్చే లాభం నిద్ర. దానికి మీటరు లేదు.

అసలు ముడి ఇక్కడే పడింది. డాబా ఓనరుది, వేడి అద్దెకున్నవాళ్లది, కరెంటు బిల్లూ వాళ్లదే. ఓనరు కింద పోర్షన్‌లో చల్లగా ఉంటారు, ఆయనకి ఖర్చు పెట్టే కారణం లేదు. అద్దెకున్నవాళ్లు పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఇంకొకరి డాబాకి రంగు వెయ్యరు. చట్టమైనా పట్టించుకుంటుందా అంటే, ఎకో నివాస్ సంహిత కనీసం 500 చదరపు మీటర్ల స్థలంలో కట్టే నివాసాలకి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ మెచ్చుకోదగ్గది, ప్రభుత్వం పేదలకి కట్టే ఇళ్లకి తప్పనిసరి చేసింది, కానీ సొంత ఇళ్లకి 600 గజాలు, ఆ పైనైతేనే తప్పనిసరి. కంచరపాలెం సందుల్లో 600 గజాల ఇల్లు ఎక్కడుందో వెతికి చెప్పండి. అరవై గజాల్లో మూడంతస్తులు లేపిన ఇళ్లే ఎక్కువ. ఎవరి నెత్తిన ఎక్కువ వేడి ఉందో వాళ్ల ఇల్లే రూలుకి అందదు.

కాబట్టి రూలు కోసం చూడకుండా ఓనరుతో మాట్లాడటమే దారి. "ఆంటీ, సున్నం మేం కొంటాం, వేసేదీ మేమే, మీరు ఒప్పుకుంటే చాలు" అంటే వద్దనే ఓనర్లు తక్కువ. రంగుతో పాటు డాబా పగుళ్లు కూడా పూడుతాయని చెప్పండి, ఆ మాట వాళ్లకి సున్నం కంటే బాగా వినిపిస్తుంది. ముందు డాబా కడిగి ఆరనివ్వాలి, పగుళ్లు పూడ్చాలి, సున్నంలో తెల్ల సిమెంటు, కాస్త జిగురు కలిపి పల్చగా రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా వెయ్యాలి. సాయంత్రం ఎండ తగ్గాక మొదలుపెట్టండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, కళ్లద్దాలు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఆరిన తెల్ల డాబా మీద మధ్యాహ్నం ఎక్కితే కళ్లు చిట్లించాల్సి వస్తుంది, వాన పడితే జారుతుంది, బట్టలారేసే వాళ్లకి ముందే చెప్పండి.

వేసే ముందు వారం, వేసిన తర్వాత వారం, పక్కపక్కన రెండు పై గదుల్లో, ఒకటి తెలుపు వేసినది, ఒకటి వేయనిది, మంచం ఎత్తులో ఒక చవక థర్మామీటరు వేలాడదీసి మధ్యాహ్నం మూడింటికీ రాత్రి పదింటికీ రాసుకుంటే మంచి మినీ ప్రాజెక్టు అవుతుంది. పైన నేను వేసిన అంకెలన్నీ కాగితం మీదివి. మార్చి మొదటి వారంలోపు మొదలుపెట్టాలి. ఎవరైనా ముందుకొస్తే క్లబ్ గ్రూప్‌లో పేరు పెట్టండి, చీపుర్లు మావి.